కంపెనీ లాభము - ఊరి లాభము

ప్రతి సంవత్సరమును మార్చి 31 వ తేదీతో కంపెనీల లెక్కలు ముగియును. కొన్ని నెలల తరువాత ఆ లెక్కలు అచ్చయి వాటాదారులకు చేరును. ఆ పుస్తకమున పుటలు వందలున్నను వాటాదారుని కన్ను వెదకునది ఒక్క అంకెను మాత్రమే, అదే నికరలాభము. పెట్టిన సొమ్ము పెరిగినదా, తరిగినదా అని తెలిసికొనుటకు ఆ అంకె చక్కగా పనికివచ్చును. కాని ఆ కంపెనీకి సరకు పండించి యిచ్చిన రైతునకు, అందులో పనిచేసిన కార్మికునకు, దాని ప్రహరీగోడ ప్రక్కనే కాపురమున్న గృహస్థునకు కలిగిన మేలెంత, కీడెంత అని అడిగినచో ఆ పుస్తకమునుండి జవాబు రాబట్టుట సులభము కాదు.

ఈ ప్రశ్న కేవలము ధర్మచింతనకు సంబంధించినది కాదు. ఒక ఫ్యాక్టరీ వచ్చునపుడు ప్రభుత్వము భూమి చూపును. కరెంటు చార్జీలలో, పన్నులలో రాయితీలిచ్చును. నీటికి అనుమతి యిచ్చును. ఇవన్నియు ప్రజల ఆస్తులు. ప్రజలకు మేలు జరుగుననియే వీనిని ఇచ్చుచున్నారు గనుక, ఆ మేలు జరిగినదా లేదా అని కొలిచి చూచుట ఇచ్చినవారి హక్కు. వానలు తక్కువై, సేద్యము బోరుబావులపై ఆధారపడిన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఈ లెక్కకు మరింత ప్రాముఖ్యము కలదు. ఇచ్చట మామిడిగుజ్జు ఫ్యాక్టరీలున్నవి, పాల కంపెనీలున్నవి, బ్యాటరీల కర్మాగారమున్నది, తమిళనాటి సరిహద్దున శ్రీసిటీ యున్నది. కొలబద్దను పరీక్షించుటకు ఇంతకంటె తగిన చోటు వెదకనక్కరలేదు.

మొదట ఎదుటిపక్షము వాదమును విందము. లాభమే ప్రజాహితమునకు కొలబద్ద యని చెప్పువారు అర్థశాస్త్రజ్ఞులలో చిన్నవారు కారు. అమెరికా దేశపు మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970 సెప్టెంబరులో న్యూయార్కు టైమ్సు వారి పత్రికలో వ్రాసిన వ్యాసము ఈ వాదమునకు ప్రసిద్ధమైన రూపము. చట్టమునకు లోబడి, మోసము చేయక, లాభము పెంచుకొనుటయే వ్యాపారమునకు గల సామాజిక బాధ్యత యని ఆయన తేల్చెను. తర్కము సులభమైనదే. కొనువాడు తానిచ్చు ధరకంటె ఆ వస్తువువలన ఎక్కువ ఉపయోగమున్నదని తోచిననే కొనును. అమ్మువాడు గిట్టిననే అమ్మును. ఇరువురును ఇష్టపడి చేసిన బేరములో ఇరువురికిని మేలే. కనుక లాభమనునది ఇతరులకు చేసిన మేలునకు ముట్టిన కూలి.

ఇందులో సత్యము లేదనుట పక్షపాతమగును. పైగా మంచి కంపెనీ విషయమున లాభము మేలును తక్కువ చేసియే చూపును. తరువాత 2018 లో నోబెల్ బహుమతి పొందిన విలియం నార్డ్‌హౌస్ 2004 లో ఒక లెక్క ప్రకటించెను. 1948 నుండి 2001 వరకు అమెరికాలో నూతన సాంకేతిక పద్ధతులవలన సమాజమునకు కలిగిన మేలులో, వానిని ప్రవేశపెట్టిన సంస్థలకు దక్కిన భాగము సుమారు 2.2 శాతము మాత్రమేనని ఆయన అంచనా. తక్కినదంతయు తక్కువ ధర రూపమున, మెరుగైన సరకు రూపమున కొనువారికి చేరెను. అనగా నూరు రూపాయల మేలులో కంపెనీ లెక్కపుస్తకమున కనబడునది రెండు రూపాయలు.

కాని ఈ తర్కము తన కాళ్లపై తాను నిలువజాలదు. దానికి ఊతకోలలు కావలెను. బేరము నచ్చనిచో వేరొక అంగడికి పోగల వీలుండవలెను. ఇచ్చుచున్నదేమో, పుచ్చుకొనుచున్నదేమో ఇరుపక్షములకును తెలియవలెను. ఆ బేరములో చేరని మూడవవానికి నష్టము తగులరాదు. వీనిలో ఏ కోల విరిగినను లాభము పెరుగుచునే యుండును, మేలు మాత్రము తరుగుచుండవచ్చును.

మొదటి కోలను మామిడితోటలో పరీక్షింతము. తోతాపురి కాయ బంగినపల్లివలె బుట్టలో పెట్టి చుట్టాలకు పంపుకొను పండు కాదు. కోసికొని తినుటకంటె గుజ్జు తీయుటకే దానికి గిరాకి. చిత్తూరు, బంగారుపాళెము, పుత్తూరు, తిరుపతి పరిసరములలోని ఫ్యాక్టరీలు జూన్, జులై నెలలలో ఆ కాయను కొని, గుజ్జు తీసి, డబ్బాలలోను పీపాలలోను నింపి, దేశములోని పానీయముల కంపెనీలకును విదేశములకును అమ్ముకొనును. మెట్టచేలలో వేరుసెనగ విత్తి మబ్బులవైపు చూచిన రైతు, మామిడిచెట్టు కొంత కరవునకైన ఓర్చునను ఆశతో తోటలు పెట్టెను. ఆ తోటలకు విలువ తెచ్చినవి ఈ ఫ్యాక్టరీలే. అవి లేనిచో అంత తోతాపురిని తిని అరిగించుకొను ఊళ్లు ఈ రాష్ట్రమున లేవు. కనుక గుజ్జు పరిశ్రమ ఈ సీమకు మేలు చేసినదనుట నిర్వివాదము.

చిక్కంతయు ఆ మేలును పంచుకొనుటలోనే యున్నది. వేరుసెనగ రైతు ధర నచ్చనిచో మరుసటి యేడు వేరొక పైరు వేయగలడు. మామిడిమొక్క కాపునకు వచ్చుటకే ఏండ్లు పట్టును. వచ్చిన పిదప దశాబ్దముల కొలది కాచును. కాయ మాత్రము పక్వమునకు వచ్చిన కొద్దిదినములలోనే అమ్ముడుపోవలెను. ఫ్యాక్టరీ ముందరనో, ర్యాంపు ముందరనో ట్రాక్టరు నిలిపి, టోకెను చేతబట్టుకొని, ఎండకు కాయ మెత్తబడుచుండగా వరుసలో కాచుకొన్న రైతు చేయు బేరమును స్వేచ్ఛావ్యాపారమనుట ఆ మాటకు అన్యాయము చేయుటయే. చెట్టు వేరుతోపాటు రైతు కాలుకూడ భూమిలో పాతుకొని యున్నది.

2025 వ సంవత్సరమున ఇది అందరి కన్నులకును కట్టినది. కాపు విరివిగా వచ్చెను. వెనుకటి యేటి గుజ్జు ఇంకను నిలువయున్నదని ఫ్యాక్టరీలవారు చెప్పిరి. ధర పడిపోవగా రాష్ట్రప్రభుత్వము కలుగజేసికొని, కిలోకు 12 రూపాయలు రైతునకు ముట్టవలెననియు, అందు 8 రూపాయలు ఫ్యాక్టరీలును 4 రూపాయలు ప్రభుత్వమును ఇచ్చుననియు నిర్ణయించెను. టన్ను లెక్కన చెప్పుకొను మన రైతుల భాషలో ఎనిమిదివేలు, నాలుగువేలు. ఎనిమిదివేలు తమకు ముట్టుటలేదని ఎందరో రైతులు రోడ్లపైకి వచ్చి మొరపెట్టుకొనిరి. కాయలు రోడ్డుప్రక్కన పారబోయుటయు జరిగెను.

ఇప్పుడు కొలిచి చూతము. అట్టి సంవత్సరమున ఒక ఫ్యాక్టరీకి లాభము పెరిగినదనుకొందము. కొత్త యంత్రము పెట్టి, టన్ను కాయనుండి ఎక్కువ గుజ్జు తీసి, టెంకతోను తొక్కతోను పోవు వృథాను తగ్గించి యుండవచ్చును. అది కొత్తగా పుట్టిన సంపద. లేదా కిలోకు రెండు రూపాయలు తగ్గించి కొనియుండవచ్చును. పదివేల టన్నులు కొన్నచో, ఆ రెండు రూపాయలే రెండు కోట్ల రూపాయలగును. ఇందులో కొత్తగా పుట్టినదేమియు లేదు. తోటలోనిది ఫ్యాక్టరీకి చేతులు మారినది, అంతే. లాభనష్టముల పట్టికలో మాత్రము ఈ రెండును ఒకే గడిలో, ఒకే అంకెలో కలిసి కూర్చుండును. ఆ అంకెను చూచి వాటాదారుడు రెండింటికిని సమానముగా సంతోషించును.

ప్రభుత్వమిచ్చిన నాలుగు రూపాయల సంగతియు ఇట్టిదే. అది రైతు ఖాతాలో పడినది గదా యని మనము తృప్తిపడుదుము. కాని ఆ నాలుగు రూపాయలున్నవి గదాయని ఫ్యాక్టరీ తన ధరను అంతమేర దించినచో, ఆ ధర్మము రైతు ఇంటి ముంగిటనుండి నడచి ఫ్యాక్టరీ ఖజానాకు చేరినట్లే. అట్లు జరిగినదా లేదా అని తెలియవలెనన్న కావలసిన కొలతలు గొప్పవి కావు: ఫలానా దినమున కాటా వద్ద ఇచ్చిన ధర, ఎన్ని దినములకు సొమ్ము ముట్టినది, ఆ గుజ్జు తరువాత ఏ ధరకు అమ్ముడుపోయినది. ఈ మూడు అంకెలను పదియేండ్లపాటు వరుసగా వ్రాసిపెట్టినచో, ఏ ఫ్యాక్టరీ సంపదను పుట్టించుచున్నదో, ఏది చేతులు మార్చుచున్నదో బడిపిల్లవాడైనను చెప్పగలడు. కొనువారు పలువురై తమలో తాము పోటీపడుచున్నారా, లేక ఒక మాటమీద నిలిచి ధర కట్టుచున్నారా అనునదియు అందులోనే తేలును. పోటీదారులు కూడబలుక్కొని ధర నిర్ణయించుటను 2002 నాటి పోటీచట్టము నిషేధించుచున్నది. కాని వరుస అంకెలు లేనిచోట అట్టి నేరమును రుజువు చేయుట ఎవరి తరము?

ఈ మామిడికథలో ఇంకొక మెలిక యున్నది. 2025 జూన్ నెలలో, స్థానిక రైతులను కాపాడుటకని, ఇతర రాష్ట్రముల తోతాపురి చిత్తూరు జిల్లాలోనికి రాకుండ అధికారులు కట్టుదిట్టము చేసిరి. సరిహద్దు దాటిన వెంటనే కోలారు జిల్లాలోని శ్రీనివాసపురము తోటలు. ఆ కాయయు ఏండ్ల తరబడి మన ఫ్యాక్టరీలకే వచ్చుచుండెను. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఆ నిషేధమును తొలగింపుడని లేఖ వ్రాసెను. కంపెనీ 'సమాజము'నకు మేలు చేయవలెనని మనము సులభముగా అందుము. ఆ సమాజమునకు గట్టు ఎక్కడ? శ్రీనివాసపురము తోటలలో వినబడునదియు పెక్కుచోట్ల తెలుగే. గట్టును చిత్తూరు జిల్లాకు కట్టి లెక్కవేసిన మేలుగా తోచినది, గట్టును నాలుగు ఆమడలు జరిపి లెక్కవేసిన కీడుగా తేలవచ్చును. కొలత మొదలుపెట్టుటకు ముందే గట్టు ఎక్కడో చెప్పనివాని లెక్కను నేను నమ్మను.

ఇక రెండవ కోల, తెలివిడికి సంబంధించినది. కాయ నాణ్యము కంటికి కనబడును. పాలలోని వెన్న కనబడదు. ఉదయము, సాయంత్రము పాలు పోయు ఇల్లాలికి ముట్టు ధర ఆ వెన్న శాతముపై ఆధారపడియుండును. దానిని కొలుచు యంత్రము కొనువాని బల్లమీద నుండును. సంతలో తక్కెడ ముల్లు మన కన్నులముందే ఆడును. ఇచ్చట ముల్లు యంత్రము కడుపులో నున్నది. యంత్రము నిజాయతీగా పలికినంతకాలము చిక్కులేదు. పూటకు అర శాతములో కొంత భాగము తప్పుగా పలికిననో, ఒక్కొక్క ఇంటికి పోవునది స్వల్పము, వేల ఇండ్లలో కూడినది కొండంత. అందుచేత పాల కంపెనీ మేలును కొలుచువాడు దాని లాభమును గాక, కేంద్రములో కొలత అంకె పోసినవారికి ఎదురుగా కనబడునా, చీటీ చేతికిత్తురా, సందేహము వచ్చినపుడు మరల పరీక్షించు మధ్యవర్తి యున్నాడా అని మొదట అడుగవలెను.

పాల విషయముననే లాభపు అంకె మరొక విధముగ మోసపుచ్చుట చూడవచ్చును. చిత్తూరులోని సహకార డైరీ 2002 లో మూతపడిన పిమ్మట ఈ ప్రాంతపు పాలలో ఎక్కువభాగము ప్రయివేటు డైరీలకు పోవుచుండెను. 2014 లో తిరుపతి కేంద్రముగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడినది. జాతీయ పాడి అభివృద్ధి మండలి అనుబంధ సంస్థయు, టాటా ట్రస్టులును దానికి చేయూతనిచ్చినవి. అందులో వాటాదారులందరును స్త్రీలు. పాలు పోయువారే యజమానులు. లక్షకు పైగా సభ్యురాండ్రు చేరిరి. 2024 అక్టోబరులో ప్యారిస్ నగరమున జరిగిన ప్రపంచ పాడి సదస్సులో అంతర్జాతీయ పాడి సమాఖ్యవారు ఈ కంపెనీకి బహుమతి నిచ్చిరి.

ఇట్టి కంపెనీయందు అమ్మకపు సొమ్ములో ఎక్కువ భాగము పాలధరగా సభ్యురాండ్రకే పోవును. చివర మిగులు లాభము సన్నము. అదే పరిమాణము గల ప్రయివేటు డైరీ, పాలధరను కొంత తగ్గించి, ఎక్కువ లాభము చూపవచ్చును. పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి లాభమునుబట్టి మార్కులు వేయువాడు రెండవదానికి మొదటి బహుమతి నిచ్చును. ఒకే రూపాయి ఒక పుస్తకములో 'ఖర్చు' అను పేరుతోను, ఇంకొక పుస్తకములో 'లాభము' అను పేరుతోను ఉన్నది. ఇల్లాలి కొంగున ముడిపడిన రూపాయిని ఖర్చు అని పిలుచుట లెక్కలవారి ఆచారము, అంతే. దీనినిబట్టి ప్రయివేటు డైరీలన్నియు చెడ్డవని నేననను. ప్రయివేటువారు వచ్చి ఊరూర కేంద్రములు పెట్టి పోటీపడినందున ధర పెరిగిన చోట్లును ఉండును. ఎక్కడ పెరిగినదో, ఎక్కడ పెరుగలేదో ధరల పట్టికయే చెప్పవలెను.

మూడవ కోలకు రేణిగుంట దారిలోని కరకంబాడికి పోవలెను. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి స్వదేశమునకు మరలివచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985 లో స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీలు అచ్చట తయారగుచున్నవి. మహానగరములకు దూరముగా, పల్లెపట్టున అంతటి కర్మాగారము నెలకొల్పి వేలమందికి పని చూపుట సామాన్యమైన విషయము కాదు. కరెంటు పోయిన రాత్రి మన ఇండ్లలో వెలుగు దీపము, టెలిఫోను స్తంభముల నిరంతరాయమైన పని, ఆసుపత్రులలోని యంత్రముల భద్రత - ఇట్టి బ్యాటరీలవలన కొనువారికి కలుగు మేలు వాని ధరకు ఎన్నోరెట్లు.

ఐతే ఆ బ్యాటరీలకు ప్రాణము సీసము. సీసము శరీరములో చేరి నరములను దెబ్బతీయును. పిల్లల బుద్ధివికాసమును కుంటుపరచును. పనివాని బట్టలకంటిన ధూళి ఇంటికి వచ్చి, ఫ్యాక్టరీ గడప తొక్కని పసిబిడ్డకు సోకగలదు. ఇంతవరకు ఉన్నను హాని లేదని చెప్పదగిన హద్దు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రక్తమున డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములు కనబడినచో ఆ సీసము ఎచ్చటనుండి వచ్చుచున్నదో వెదకి తొలగింపవలెనని 2021 లో సూచించినది. కొనువాడును అమ్మువాడును సంతోషించిన బేరములో ఈ బిడ్డ పాల్గొనలేదు. ఇట్టి నష్టమును ధరలో చేర్చవలెనని ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు పిగూ 1920 లోనే వ్రాసెను.

2021 వ సంవత్సరమున రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సీసపు కాలుష్యము కారణముగా ఆ సంస్థకు మూసివేత ఉత్తరువులిచ్చెను. తాము నియమములను పాటించుచునే యున్నామని సంస్థవారు హైకోర్టు నాశ్రయించి ఆ ఉత్తరువుల అమలుపై నిలుపుదల పొందిరి. కొందరు ఇది ప్రజారోగ్యమనిరి, కొందరు రాజకీయమనిరి. ఆ వ్యాజ్యమును తీర్చుట ఈ వ్యాసము పని కాదు. గమనింపవలసినది వేరొకటి. వివాదము పుట్టిన నాడు కొలతలు తీయుట మొదలుపెట్టినచో, ఏ పక్షమువారి కొలతను ఆ పక్షమువారే నమ్ముదురు. ఏ వివాదమును లేని సంవత్సరములలో, మధ్యస్థుడైన పరీక్షకుడు ఏటేటా కార్మికుల రక్తములోని, పరిసరపు మట్టిలోని, బావినీటిలోని సీసమును పరీక్షించి, పేర్లు దాచి అంకెలు ప్రకటించినచో, అది కంపెనీకిని రక్ష, ఊరికిని రక్ష. అంకె తగ్గుచు వచ్చినచో ఏ అధికారియు ఆ కంపెనీని బెదిరింపజాలడు. పెరుగుచు వచ్చినచో ఏ ఉత్తరువును అక్కరలేకయే ఊరు మేలుకొనును.

ఉద్యోగముల మాటకు వత్తము. ప్రభుత్వములును కంపెనీలును గొప్పగా చెప్పుకొను మేలు ఇదియే. సత్యవేడు, వరదయ్యపాలెము మండలములలో 2008 లో ప్రారంభమైన శ్రీసిటీలో మోటారు బండ్లనుండి చాకొలెట్లవరకు తయారగుచున్నవి. పల్లెలనుండి బస్సులలో వచ్చు యువతులు అచ్చటి ఫ్యాక్టరీలలో వేలకొలది పనిచేయుచున్నారు. ఒక యువతికి నెలకు 15,000 రూపాయలు జీతమనుకొందము. కంపెనీ చేసిన మేలు 15,000 అని వ్రాసికొనుట వాడుక. కాని ఆమె ఆ కంపెనీ లేకున్న ఇంట ఊరక కూర్చుండెడిదా? కూలికి పోయి నెలకు 7,000 సంపాదించెడిదైనచో మేలు 8,000. ఫ్యాక్టరీ వచ్చిన భూమిలో కూలిపని చేసికొనుచుండిన మరొక స్త్రీ ఆ పని పోగొట్టుకొన్నచో ఆమె నష్టమును ఇందులోనుండి తీసివేయవలెను. మరియు, తన జీతము తన చేతికి రాగా, పెండ్లి రెండేండ్లు ఆగి, తమ్ముని చదువునకు మాట చెప్పగలిగినదైనచో, ఆ మేలు ఏ రూపాయలలో వ్రాయుదుము? అది 15,000 కంటెను పెద్దది కావచ్చును.

'అది లేకున్న ఏమయ్యెడిది?' అను ఈ ప్రశ్నయే కొలతకు ప్రాణము. ఇది రాయితీలకును వర్తించును. పన్ను మినహాయింపు లేకున్నను ఆ కంపెనీ ఇచ్చటికే వచ్చియుండెడిదైనచో ఆ మినహాయింపు ప్రజలు చేసిన దానము. రానిదైనచో అది ప్రజలు పెట్టిన పెట్టుబడి. కంపెనీ కదలగలదు, ఊరు కదలజాలదు గనుక రాష్ట్రములు ఒకదానితో ఒకటి పోటీపడి రాయితీలు పెంచుట మనమెరిగినదే. 2022 డిసెంబరులో అమరరాజా సంస్థ తెలంగాణలోని మహబూబ్‌నగర్ వద్ద 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించినపుడు ఈ జిల్లాలో ఎంత చర్చ జరిగినదో పాఠకులకు జ్ఞాపకముండును.

కంపెనీల మేలును కొలుచుటకు చట్టము చేసిన యత్నములు లేకపోలేదు. 2013 నాటి కంపెనీల చట్టము 135 వ సెక్షను ప్రకారము 500 కోట్ల నికరవిలువ గాని, 1,000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికరలాభము గాని గల కంపెనీలు, గత మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. బడులకు బల్లలు, ఊళ్లకు మంచినీటి యంత్రములు, చెరువుల పూడికతీత ఇందునుండియే వచ్చుచున్నవి. వానిని తక్కువ చేయను. కాని నిష్పత్తి చూడుడు. వేయికోట్ల వ్యాపారము చేసి ఏబదికోట్ల లాభము పొందిన కంపెనీ ఇయ్యవలసినది ఒక కోటి. అనగా వేయి రూపాయలలో ఒక్క రూపాయి. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిది రూపాయలు ఎట్లు వచ్చినవి, ఎట్లు పోయినవి అని అడుగక, ఆ ఒక్క రూపాయితో కట్టిన శిలాఫలకమును చూచి కంపెనీ గుణమును నిర్ణయించుట మన కలవాటైనది.

అంతకంటె మెరుగైన యత్నము సెబీవారిది. 2022-23 నుండి విపణిలో నమోదైన పెద్ద కంపెనీలు వేయింటికి, నీటి వాడకము, ప్రమాదములు, జీతముల తేడా మొదలగువానిని అంకెలతో ప్రకటింపవలెనను నియమము వచ్చినది. 2023 లో చేర్చిన ముఖ్యాంశములలో చిన్నపట్టణములలో కల్పించిన పని, చిన్నపరిశ్రమలనుండి కొన్న సరకు అనునవికూడ ఉన్నవి. ఇవి మనవంటి ప్రాంతములకు పనికివచ్చు ప్రశ్నలు. ఐనను రెండు లోపములు. మొదటిది, మన గుజ్జు ఫ్యాక్టరీలలో పెక్కింటికి విపణిలో నమోదే లేదు. ఆ కొలబద్ద వానిని తాకదు. రెండవది, అంకెలు కంపెనీ మొత్తమునకు గాని ఫలానా ఊరికి గావు. దేశమంతటికిని కలిపి చెప్పిన నీటి లెక్కలో మన ఊరి బోరు కనబడదు.

కొందరు పండితులు ఇవన్నియు రూపాయలలోనికి మార్చి, కూడి, తీసివేసి, చివరకు ఒకే అంకెగా చెప్పవలెనని యత్నించుచున్నారు. నాకు ఆ పద్ధతిపై నమ్మకము తక్కువ. పాలధరలో పెరిగిన రూపాయిని, బిడ్డ రక్తములోని సీసమును కూడినచో వచ్చునది ఏమి? ఆ మొత్తములో సీసము మునిగిపోవును. కూడిన అంకె కంపెనీకి అనుకూలము. విడివిడి అంకెలు ఊరికి అనుకూలము.

మరి ఆ విడివిడి అంకెలను ఎవరు చదువవలెను? తనను తాను పరీక్షకు ఒప్పగించుకొన్న కంపెనీ ఒకటి మనదేశమున నున్నది. టాటా ఉక్కు కంపెనీ 1979 లో, తన సామాజిక బాధ్యతలను ఎంతవరకు నెరవేర్చినదో పరిశీలింపుడని జస్టిస్ కొత్వాల్ అధ్యక్షుడుగా, రజనీ కొఠారి, మావలంకర్ సభ్యులుగా ఒక సంఘమును నియమించెను. 1980 లో నివేదిక వచ్చెను. బయటివారిని పిలిచి లెక్క చూపుట గొప్పయే. కాని పిలిచినది కంపెనీయే. తెలుగునాట ఇంకొక మార్గము పుట్టినది. 2006 లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పనులకు మన రాష్ట్రమున సామాజిక తనిఖీ నడిపిరి. దానికై 2009 లో ప్రత్యేక సంస్థయే ఏర్పడినది. ఊరి యువకులు మస్టర్లు చేతబట్టుకొని ఇంటింటికి పోయి, 'నీ పేర ఇన్ని దినములు వ్రాసినారు, నిజమేనా?' అని అడిగిరి. తరువాత మండలకేంద్రమున ప్రజావేదికపై ఆ లెక్కలు బిగ్గరగా చదివిరి. అక్షరము రానివాడును తన లెక్క తాను వినెను.

కంపెనీలకు ఇట్టిది పూర్తిగా కొత్తకాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము కొన్ని తరగతుల పెద్ద పరిశ్రమలు స్థాపించుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. జిల్లా కలెక్టరు గాని, ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించును. జరిగినదంతయు వీడియో తీయుదురు. ఆ సభలో కంపెనీ ప్రతినిధులు ఇన్ని ఉద్యోగములు, ఇంత నీరు, ఇంత జాగ్రత్త అని చెప్పుదురు. అనుమతి వచ్చిన పిదప షరతుల అమలుపై ఆరునెలలకొకసారి, జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు, నివేదిక పంపవలెను. ఆ నివేదికలు కార్యాలయమునకు పోవును. సభ మాత్రము మరల జరుగదు. మాట యిచ్చునపుడు ఊరంతయు కూడును. మాట నిలిచినదా యని చూచునపుడు ఎవరును కూడరు. చిన్న పరిశ్రమలకు ఆ మొదటి సభయు లేదు.

ఐదేండ్లకొకసారి అదే ఊరిలో, అదే బల్ల వేసి, నాటి వీడియోను మరల వేసి చూపి, కాటా ధరలు, జీతములు, నీటి మట్టము, రక్తపరీక్షల అంకెలు ఒకదాని వెంట ఒకటి చదివి వినిపించుటకు కొత్త చట్టమేమియు అక్కరలేదు. కలెక్టరు తలచుకొన్నచో, కంపెనీ ఒప్పుకొన్నచో చాలును. అందుకు కావలసిన కాగితములలో సగము ఇప్పటికే కచేరీ బీరువాలలో దాఖలై యున్నవి.